తెలుపు ముందర, నలుపు చివర్న: మైనం గుడ్ల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో పిసంకా గురించి నాలుగు ముక్కలు రాశాను కదా, ఉక్రెయిన్ వాళ్ళు ఈస్టర్‌కి గుడ్డు మీద కరిగించిన తేనెమైనంతో గీతలు రాసి, ఒక్కో రంగులో ముంచి తీసి, మళ్ళీ రాసి, మళ్ళీ ముంచి, అంతా అయ్యాక మైనం కరిగించి తుడిచేసే పని. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న ఆరేళ్ళూ పక్కింటి బాబా దగ్గర నేర్చుకున్నానని కూడా చెప్పా (బాబా అంటే వాళ్ళకి అమ్మమ్మ, నానమ్మ, ఎవరైనా సరే. మొదటిసారి విని మా ఆయన "ఏ బాబా, షిరిడీనా?" అన్నాడు). ఎండాకాలం, గుడ్లు, పైగా కొవ్వొత్తి ముందు కూర్చోవాలి, ఎవరు చేస్తారులే అనుకున్నా. చాలామంది చేసేశారు, సగంమంది చెడగొట్టుకుని నాకు రాశారు. ఒకేలాంటివి కలిపేసి జవాబులు ఇస్తున్నా.

అక్కా, మా అమ్మాయి ఇవానో-ఫ్రాంకివ్స్క్‌లో ఎంబీబీఎస్ చదివేది, 2022 లో యుద్ధం మొదలవగానే రొమేనియా మీదుగా వచ్చేసింది. బట్టలు కూడా సగం వదిలేసింది కానీ స్టీల్ మగ్గులో సాక్సులు కుక్కి వాటి మధ్య ఒక రంగుల గుడ్డు తెచ్చింది, అద్దెకున్న ఇంటావిడ ఇచ్చిందట. అప్పట్నించీ షోకేస్‌లోనే ఉంది. ఊపితే లోపల టక్ టక్ మంటోంది, పాడైందంటారా? దుమ్ము పట్టింది, తడిగుడ్డ పెట్టి తుడవొచ్చా? — ఒక అమ్మ, నరసరావుపేట

అమ్మా, తడిగుడ్డ మాత్రం పెట్టకండి! ముందు అది చెప్పేసి తర్వాత మిగతాది చెప్తా. వార్నిష్ వెయ్యని గుడ్డైతే ఆ రంగులు నీళ్ళలో వేసినవే కాబట్టి నీళ్ళు తగిలితే మళ్ళీ కదిలిపోతాయి, తుడిచిన గుడ్డకి ఎరుపు అంటుకున్నాక ఏడ్చి లాభం లేదు. వార్నిష్ వేశారా లేదా ఎలా తెలుస్తుందంటే, వేస్తే గాజుగాజులా మెరుస్తుంది, వెయ్యకపోతే మామూలు గుడ్డు మీద ఉండే మసక మెరుపే ఉంటుంది. ఏదైనా సరే మెత్తటి పొడి బ్రష్ చాలు, ఐలైనర్‌కో బ్లష్‌కో వాడే కొత్త బ్రష్ అయితే ఇంకా మంచిది.

ఇక టక్ టక్ శబ్దం, అది శుభవార్త. పిసంకా చేసేది పచ్చి గుడ్డు మీద, ఉడకబెట్టినదాని మీద కాదు. గుడ్డు పెంకుకి కంటికి కనపడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి, వాటిలోంచి లోపలి నీరు ఏళ్ళ తరబడి మెల్లగా ఆవిరైపోతుంది, తెల్లసొన ఎండి పొరలా అయిపోతుంది, పచ్చసొన గోళీకాయంత గట్టి ఉండగా మిగులుతుంది. మీకు వినిపించేది ఆ గోళీ. అంటే గండం గడిచినట్టే. శబ్దం లేకుండా బరువుగా, లోపల నీళ్ళు కదిలినట్టు ఉంటేనే జాగ్రత్త. అయినా సరే మాటిమాటికీ ఊపి చూడొద్దు, ఆ గోళీ లోపల్నించి పెంకుకి తగిలితే పెంకు చిట్లుతుంది.

షోకేస్ తలుపు గట్టిగా మూసేసి ఉంటే కొంచెం సందు వదలండి, గాలి ఆడాలి. ఎండ తగిలే వైపు పెట్టకండి, రంగు వెలిసిపోతుంది. ఇది నేను అనుభవించి చెప్తున్నా, కెనడా నుంచి వచ్చాక ఒక పచ్చి గుడ్డు పిసంకాని చెప్పుల డబ్బాలో దూది మధ్య పెట్టి రాజమండ్రి ఇంట్లో అటక మీద పెట్టా, మూత పెట్టి మరీ, మే నెలలో. ఒక రాత్రి రెండింటికి టప్ మని శబ్దం. ఎలక అనుకున్నాం. తెల్లారేసరికి వాసన చూసి ఎలక చచ్చిందనుకున్నాం. డబ్బా తీసిన మా అత్తగారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మీ గుడ్డు గురించి ఇంకో మాట. ఇవానో-ఫ్రాంకివ్స్క్ అంటే కార్పాతియన్ కొండల పక్క, హుత్సుల్ అనే కొండజనం ఉండే ప్రాంతం, పిసంకాకి పుట్టిల్లు లాంటిది. అక్కడి కొస్మాచ్ అనే ఊరి గుడ్ల మీద వెంట్రుకంత సన్నటి గీతలు, పసుపు, నారింజ, ఎరుపు, నలుపు కలిసి దూరం నుంచి చూస్తే గుడ్డు నిప్పుకణికలా ఉంటుంది. మీది అలా ఉందేమో ఒకసారి భూతద్దం పెట్టి చూడండి. మీ అమ్మాయికి ఆ ఇంటావిడ నంబర్ ఇంకా ఉంటే గుడ్డు ఫోటో తీసి పంపమనండి, పంపితే బాగుంటుంది.

మీరు రాసినట్టే చేశా కానీ తెల్లగా ఉండాల్సిన పువ్వు పసుపొచ్చింది, పసుపుగా ఉండాల్సిన ఆకు ఎర్రగా వచ్చింది, మొత్తం ఒక రంగు ముందుకి జరిగిపోయినట్టుంది. ఎక్కడ తప్పు? — డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

హహ, చెల్లీ, నూటికి తొంభై మంది చేసే తప్పిది, నేనూ చేశా. మనకి చిన్నప్పట్నించీ బొమ్మ గీసి రంగు నింపడం అలవాటు. ఎరుపు కావాలంటే ఎరుపు పూస్తాం. ఇక్కడ రంగు పూయడం అనేదే లేదు, మైనం పెట్టినచోట *అప్పటికి ఉన్న రంగు* ఆగిపోతుంది, అంతే. మైనం ఒక మూత. గుడ్డు తెల్లగా ఉన్నప్పుడు రాసింది చివరికి తెల్లగా ఉంటుంది. పసుపులో ముంచి తీశాక రాసింది పసుపు. ఎరుపులో ముంచాక రాసింది ఎరుపు. నువ్వు పువ్వుని పసుపులో ముంచాక రాసుంటావు, తెలుపు దాటిపోయింది.

ఒక చిన్న గుడ్డు వరసగా చెప్తా చూడు. నడుం చుట్టూ ఒక గీత, పైనుంచి కిందకి గుడ్డంతా చుట్టి వచ్చే రెండు గీతలు, గుడ్డు ఎనిమిది భాగాలు అవుతుంది. పెన్సిల్‌తో చాలా లైట్‌గా గీసుకో, తప్పు పోతే రబ్బరుతో చెరపకు, రబ్బరు రుద్దినచోట రంగు మచ్చలుగా పడుతుంది, తప్పు గీత అలాగే వదిలేసి పక్కన కొత్తది గీసుకో, నల్లరంగు పడ్డాక కనపడదు. ఇప్పుడు ఆ గీతల మీద మైనం, మధ్యలో ఎనిమిది రేకుల నక్షత్రం అంచు కూడా మైనం. ఇవన్నీ తెలుపు. పసుపు నీళ్ళలో పదీపదిహేను నిమిషాలు. తీసి టిష్యూతో *అద్దు*, తుడవకు. ఇప్పుడు నక్షత్రం లోపల సగం రేకులు మైనంతో నింపు, చుట్టూ చుక్కలు పెట్టు. ఇవి పసుపు. తర్వాత నారింజ, మళ్ళీ కొన్ని చుక్కలు. తర్వాత ఎరుపు, ఇప్పుడు మిగతా సగం రేకులు నింపు. చివరికి నలుపు. నలుపు నుంచి తీశాక గుడ్డు ఎలా ఉంటుందంటే కుంపట్లోంచి తీసిన బొగ్గుముక్కలా, ఉండలు ఉండలుగా, అసహ్యంగా ఉంటుంది, చాలామంది ఇక్కడే "పోయింది" అనుకుని పక్కన పడేస్తారు. అప్పుడే కొవ్వొత్తి మంటకి *పక్కగా* పట్టుకోవాలి, పైన పట్టుకుంటే మసి పడుతుంది. మూణ్ణాలుగు సెకన్లలో మైనం తడితడిగా మెరుస్తుంది, టిష్యూతో ఒక్కసారి అద్దితే అక్కడ బొటనవేలంత మేర తెలుపు, పసుపు, ఎరుపు ఒక్కసారిగా బయటపడతాయి. ఆ క్షణం కోసమే రెండు గంటలు మెడ నొప్పి పెట్టుకుని కూర్చుంటాం. ఎడ్మంటన్ బాబా ఎన్ని వందల గుడ్లు చేసిందో లెక్కలేదు, అయినా ఆ మొదటి టిష్యూ తీసినప్పుడు ప్రతిసారీ "ఓయ్" అనేది.

ఆకుపచ్చ, నీలం ఈ వరసలో ఇమడవు, పసుపు తర్వాత గుడ్డంతా ఆకుపచ్చలో ముంచితే ఆపైన ఎరుపు బురదలా వస్తుంది. అందుకే పసుపు అయ్యాక కావలసిన చోట మాత్రమే అగ్గిపుల్ల కొనతో ఆకుపచ్చ అద్ది, ఆరాక దాని మీద మైనం కప్పేసి, తర్వాత నారింజలో ముంచుతారు. పక్కకి కారిన ఆకుపచ్చని నారింజ చాలావరకు మింగేస్తుంది.

కిస్త్కా ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? ఆన్‌లైన్‌లో చూస్తే రేటు కళ్ళు తిరిగింది. — గృహిణి, నిజామాబాద్

కొనొద్దు. కిస్త్కా అంటే ఏమీ లేదండీ, పుల్లకి తగిలించిన చిన్న గరాటు. పల్చటి రాగి రేకో ఇత్తడి రేకో బియ్యపుగింజకి కాస్త పెద్ద సైజులో శంకువులా చుట్టి, కొసన గుండుసూది మొన పట్టేంత కన్నం ఉంచి, పెన్సిల్‌లాంటి పుల్లకి అడ్డంగా సన్నటి రాగి తీగతో బిగించి కట్టెయ్యండి. వెండిపని, ఇత్తడిపని చేసేవాళ్ళకి బొమ్మ గీసి చూపిస్తే ఐదు నిమిషాల్లో చేసిస్తారు, నాకు రాజమండ్రిలో అలానే అయింది, డబ్బులు కూడా తీసుకోలేదు, "ఇదెందుకమ్మా" అని మాత్రం మూడుసార్లు అడిగాడు.

వాడేటప్పుడు గరాటు మంటలో నాలుగైదు సెకన్లు వేడిచేసి మైనం ముద్దలోకి గుచ్చితే కొంచెం లోపలికి ఎక్కుతుంది, మళ్ళీ ఒక్క క్షణం వేడిచేసి ముందు కాగితం మీద గీయండి, బొట్టు పడేది అక్కడే పడిపోతుంది, ఆ తర్వాత గుడ్డు మీద. చిటికెనవేలు గుడ్డుకి ఆనించి పెట్టుకుని, కలం కదపకుండా గుడ్డు తిప్పాలి. ఇది అలవాటు కావడానికి మూడు గుడ్లు పడుతుంది.

రేకు గొడవ కూడా వద్దనుకుంటే పెన్సిల్ వెనక రబ్బరుకి గుండుసూది గుచ్చండి. తల కరిగిన మైనంలో ముంచి గుడ్డు మీద పెట్టి లాగితే చుక్కకి తోక వస్తుంది, కన్నీటి బొట్టులా. ఆ తోక చుక్కలు గుండ్రంగా పెట్టుకుంటూ పోతే పువ్వు. ఉక్రెయిన్‌లో ఒక్క ఈ పద్ధతితోనే మొత్తం గుడ్డు నింపేవాళ్ళున్నారు. జర్మనీలో లుసాషియా అనే చోట సోర్బులు అనే చిన్న జాతి ఉంది, వాళ్ళు బాతు ఈక కొసని త్రికోణంగానో డైమండ్ ఆకారంలోనో కత్తిరించి మైనంలో ముంచి ముద్రల్లా వేస్తారు. మన ఇళ్ళల్లో ఈకలకేం కరువు.

పూజ కొవ్వొత్తి మైనం పనికిరాదా? — రెండు మూడు ఉత్తరాలు

పనికొస్తుంది కానీ సతాయిస్తుంది. కొవ్వొత్తిలో ఉండేది ఎక్కువగా పారఫిన్, పెళుసు, గుడ్డు చల్లబడగానే పెచ్చుల్లా లేచిపోతుంది, కిందకి రంగు దూరుతుంది. తేనెమైనం జిగురు, సుమారు 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, పెంకుని పట్టుకుంటే వదలదు. తేనె పట్టు తీసి అమ్మేవాళ్ళని ముందే చెప్పి ఉంచితే పిండేశాక మిగిలిన పట్టు ఇస్తారు, నీళ్ళలో మరిగించి గుడ్డలో వడకట్టి చల్లారిస్తే మైనం బిళ్ళలా పైకి తేలుతుంది. అరచేయంత బిళ్ళ ఇరవై గుడ్లకి సరిపోతుంది. మైనం మంటలో కాస్త నల్లబడుతుంది, కంగారు పడకండి, నల్లబడితేనే ఎక్కడ రాశామో కనిపిస్తుంది.

రంగు సరిగ్గా అంటుకోలేదు. ఒకచోట వేలిముద్ర లాగా తెల్లగా ఉండిపోయింది. ఇంకో గుడ్డుకి వెనిగర్ ఎక్కువ పోస్తే బుడగలొచ్చి పెంకు గరుకైంది, మైనం ఊడింది. — బ్యాంకు ఉద్యోగి, అనకాపల్లి

వేలిముద్ర లాగా కాదండీ, అది వేలిముద్రే. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేత్తో పట్టుకునుంటారు. నూనె కూడా మైనంలాగే రంగుని ఆపుతుంది, మీకు తెలీకుండా మీరే ఒక డిజైన్ వేసేశారు. చేతులు సబ్బుతో కడుక్కోండి, గుడ్డుని మాత్రం సబ్బుతో తోమకండి, వెనిగర్ కలిపిన నీళ్ళలో ఒకసారి ముంచి తీసి అద్దితే చాలు.

బుడగల సంగతి, పెంకు అంటే కాల్షియం కార్బనేట్, సున్నపురాయి బాపతు. పులుపు తగిలితే కరిగి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఆ బుడగలే అవి. కొంచెం పులుపు ఉంటే రంగు పట్టుకుంటుంది, ఎక్కువైతే మైనం కింద నేల కరిగిపోయినట్టు అవుతుంది. కప్పు రంగు నీళ్ళకి ఒక పెద్ద స్పూను తెల్ల వెనిగర్, అంతకి మించొద్దు. రంగు నీళ్ళు పూర్తిగా చల్లగా ఉండాలి, గోరువెచ్చగా ఉన్నా మైనం మెత్తబడుతుంది.

ఏ రంగులు అని చాలామంది అడిగారు. పిసంకా చేసేవాళ్ళు ఇప్పుడు వాడేది ఎక్కువగా పొడి రసాయన రంగులు, అవి తిండికి పనికిరావు. కిరాణా కొట్లో దొరికే ఫుడ్ కలర్ వెనిగర్‌తో బాగానే పడుతుంది, కాకపోతే నలుపు రాదు, ముదురు నీలంతో సరిపెట్టుకోవాలి. పాతకాలంలో చెట్టూచేమా రంగులే. ఉల్లిపాయ తొక్కలు గుప్పెళ్ళకొద్దీ మరిగించి చల్లారిస్తే ఇటుకరంగు, ఇది మాత్రం గ్యారంటీ. వంటపసుపుతో పసుపురంగు వస్తుంది, బాగుంటుంది, ఎండకి వెలుస్తుంది. ఊదారంగు క్యాబేజీ మరిగించిన నీళ్ళలో రాత్రంతా ఉంచితే తెల్ల గుడ్డు నీలంగా మారుతుంది, ఊదా నీళ్ళలోంచి నీలం గుడ్డు తీస్తుంటే పిల్లలు నోరు వెళ్ళబెట్టారు. బీట్‌రూట్ మీద ఆశ పెట్టుకోకండి.

గుడ్డు తెల్లదైతే మేలు, అందులో మన ఫారం గుడ్లు అదృష్టం, సుద్దలా ఉంటాయి. నాటుకోడి గుడ్డు మీద పసుపు మురికిగా కనిపిస్తుంది. కానీ ఒక విచిత్రం చెప్పనా, పాత ఉక్రెయిన్ ఆచారం ప్రకారం ఫారం గుడ్డు అసలు పనికిరాదు, పుంజు తిరిగే దొడ్లో పెట్టిన గుడ్డే కావాలి, జీవం ఉన్న గుడ్డయితేనే ఇంటికి సంతానం, పాడి, పంట అని. అందుకే ఉడకబెట్టేవాళ్ళు కాదు, లోపలిది తీసేవాళ్ళూ కాదు.

చేశాక తినొచ్చా అక్కా? — పేరు రాయలేదు

వద్దు. తినేది వేరే, దాన్ని క్రాషంకా అంటారు, ఉడకబెట్టి ఒకే రంగులో ముంచింది, ఈస్టర్ పొద్దున బుట్టలో రొట్టె, వెన్న, ఉప్పు, సాసేజ్‌తో పాటు చర్చికి పట్టుకెళ్ళి దీవింపచేసుకుని వచ్చి తింటారు. పిసంకా దాచుకునేది, ఇచ్చుకునేది. మరీ గుడ్డు వృథా అవుతుందని బాధగా ఉంటే మొదటే రెండు వైపులా సూదితో కన్నం చేసి ఊది అట్టు వేసుకోండి, లోపల కడిగి ఆరబెట్టి కన్నాలు మైనంతో మూసి అప్పుడు మొదలుపెట్టండి. కాకపోతే ఖాళీ గుడ్డు రంగు నీళ్ళలో మునగదు, తేలుతూ ఉంటుంది, పైన నీళ్ళు నింపిన చిన్న సీసా పెట్టాలి. మన ఎండల్లో నేను ఇదే చేయమంటా, అటక కథ చెప్పాగా.

సండే స్కూల్ పిల్లలతో చేయిద్దామనుకున్నాం. సంఘంలో ఒక పెద్దాయన ఇది క్రైస్తవం కాదు, పాత సూర్యపూజ వాళ్ళ ఆచారం అన్నారు. నిజమేనా? — ఒక సోదరి, గుంటూరు

ఆయన చెప్పింది సగం నిజం, సోదరీ. గుడ్డుని కొత్త జీవానికి గుర్తుగా చూడటం, దాని మీద సూర్యుడు, జింక, చేప, గోధుమ కంకి వేయడం క్రైస్తవం రాకముందు నుంచీ ఉందనే అక్కడివాళ్ళూ అంటారు. తర్వాత చర్చి వచ్చింది, గుర్తులు అవే ఉన్నాయి, చదివే తీరు మారింది. చేప క్రీస్తు అయింది, త్రికోణం త్రిత్వం అయింది. నలభై త్రికోణాల డిజైన్ ఒకటుంది, దాన్ని లెంటు, అంటే ఈస్టర్‌కి ముందు ఉపవాసాల కాలం, నలభై రోజులకి ముడిపెట్టి చెప్తారు. మొదలూ చివరా లేకుండా గుడ్డు చుట్టూ తిరిగే అలల గీత ఇంకోటి, దాన్ని శాశ్వతత్వం అంటారు. హుత్సుల్ వాళ్ళకైతే ఒక కథ కూడా ఉంది, కొండకి గొలుసులతో కట్టేసిన ఒక దుష్ట సర్పం ఉందట, ఏటేటా మనుషుల్ని పంపి ఈసారి ఎన్ని పిసంకాలు చేశారో లెక్క కనుక్కుంటుందట, తక్కువైతే గొలుసు వదులవుతుంది, ఎక్కువైతే బిగుస్తుంది. బాబా ఈ కథ చెప్పి నా చేతిలో ఇంకో గుడ్డు పెట్టేది.

కానీ ఆ పెద్దాయనకి ఇంకో సగం కూడా చెప్పండి. సోవియట్ కాలంలో దీన్ని అణచివేసింది ఈస్టర్ పండగకి, చర్చికి సంబంధించిన పని అనే. అప్పుడు ఇది కొండ ఊళ్ళల్లోనూ, 1891 నుంచి కెనడా వెళ్ళి గోధుమ పొలాలు చేసుకున్న వలస కుటుంబాల వంటిళ్ళల్లోనూ బతికింది. లెంటులో రాత్రిపూట పిల్లలు పడుకున్నాక తల్లీ కూతుళ్ళు కూర్చుని చేసేవాళ్ళు, ఇంటి డిజైన్లు ఇల్లు దాటనిచ్చేవాళ్ళు కాదు. 2024 డిసెంబర్‌లో యునెస్కో వాళ్ళ వారసత్వ జాబితాలో కూడా చేరింది, ఉక్రెయిన్, ఎస్టోనియా కలిసి పెట్టించాయి. నన్నడిగితే పిల్లలతో చేయించండి. పెద్దాయన్ని కూడా పక్కన కూర్చోబెట్టి ఒక గుడ్డు ఇవ్వండి, మైనం తుడిచేటప్పుడు ఆయనే ముందుకొస్తారు.

పండగ తేదీ గురించి కూడా అడిగారు కదా, ఉక్రెయిన్ వాళ్ళలో ఎక్కువమంది పాత జూలియన్ క్యాలెండర్ లెక్కన ఈస్టర్ చేస్తారు కాబట్టి చాలా ఏళ్ళు మనకంటే వెనక పడుతుంది. 2025 లో రెండూ ఏప్రిల్ 20 నే వచ్చాయి, 2026 లో మనది ఏప్రిల్ 5, వాళ్ళది 12.

మాది శ్రీకాళహస్తి. మీ వ్యాసం చదివి ఇది మా కలంకారీయే కదా అనిపించింది. మనవాళ్ళ దగ్గర్నించి వెళ్ళిందంటారా? — కలంకారీ నేర్చుకుంటున్న యువకుడు

వెళ్ళిందని నేను అనను తమ్ముడూ, మైనంతో రంగు ఆపడం అనే ఉపాయం చాలా దేశాల్లో ఉంది, జావా బాటిక్ కూడా అదే. కానీ నువ్వు పట్టుకున్న పోలిక మాత్రం చాలా దగ్గరది. పిసంకా అనే మాటే "రాయడం" నుంచి వచ్చింది, పిసాతి అంటే రాయడం. గుడ్డుకి రంగు వేశాను అంటే బాబాకి కోపం, రాశాను అనాలి. కలంకారీలో కలం ఉండనే ఉంది, మన పాత తెలుగులో కూడా చిత్రం *రాసేవాళ్ళు*, చిత్రలేఖనం అంటున్నాం ఇప్పటికీ.

మైనం కూడా మనకి కొత్త కాదు. ఒకప్పుడు కోరమాండల్ తీరంలో విదేశాలకి పంపే బట్టలకి నీలిమందు వేసేటప్పుడు, నీలం అంటకూడని చోటంతా మైనం రాసేవాళ్ళు, నీలిమందు తొట్టిలో ముంచాల్సిందే కాబట్టి. మీ పనిలో తేడా ఎక్కడుందో నువ్వే చూడు. మీరు బట్టని కరక్కాయ, పాలల్లో నానబెట్టి ఆరేసి, కసిమితో ముందే నల్ల గీత రాస్తారు, బెల్లం, ఇనుపముక్కలు పులిసిన ఆ నీళ్ళు బట్ట మీద పడి కరక్కాయ తగలగానే నల్లబడటం చూస్తే మంత్రం వేసినట్టు ఉంటుంది. అంటే నలుపు మీకు మొదలు. దాని లోపల పటిక, ఎరుపు, పసుపు, నీలం తర్వాత వచ్చి కూర్చుంటాయి. గుడ్డు మీద కలం ముందు రాసేది తెలుపు, నలుపు అందరికంటే చివర్న వస్తుంది, వచ్చి మిగిలిన ఖాళీ అంతా ఆక్రమిస్తుంది. నీ చేతికి కలం అలవాటే, తల మాత్రం తిరగేసుకోవాలి. ఒక గుడ్డు మీద మీ కాళహస్తి నెమలి రాసి నాకు ఫోటో పంపు, ముందు తోకలోని తెల్ల చుక్కలు రాయడం మర్చిపోకు.

పెద్ద పిసంకాలు ఉంటాయటగా? — స్కూలు పిల్లలు, కరీంనగర్

ఉంటాయి బుజ్జులూ. ఉక్రెయిన్‌లో కొలొమియా అనే ఊళ్ళో పిసంకా మ్యూజియం ఉంది, 2000 లో కట్టారు, బిల్డింగే గుడ్డు ఆకారం, దాదాపు 14 మీటర్ల ఎత్తు. ఇంకోటి కెనడాలో వెగ్రవిల్లో, ఎడ్మంటన్ నుంచి గంట కారు దూరం, నేను మూడుసార్లు చూశా. 1975 లో పెట్టారు, రోనాల్డ్ రెష్ అనే ఆయన కంప్యూటర్ లెక్కలతో డిజైన్ చేశాడు, ఎందుకంటే గుడ్డు ఆకారానికి చదునైన రేకులు అతికించడం అంత తేలిక కాదు, మీరు చపాతీని బంతికి చుట్టి చూడండి తెలుస్తుంది. అన్నీ అల్యూమినియం ముక్కలే, 2,208 త్రికోణాలు, 524 నక్షత్రాలు, రెండు టన్నుల పైన బరువు, అయినా గాలికి మెల్లగా తిరుగుతుంది. మేం వెళ్ళిన రోజు మంచు పడుతోంది, ఒక్క మనిషి లేడు, అది మాత్రం తిరుగుతూనే ఉంది.

మిగిలిన రంగు నీళ్ళు పారబోయాలా? — చాలామంది

అక్కర్లేదు, మూత బిగించి నీడలో పెడితే రసాయన రంగులు నెలల తరబడి ఉంటాయి, తొక్కల నీళ్ళు మాత్రం ఫ్రిజ్‌లో వారం. సీసా మీద పేరు రాయండి, పెద్ద అక్షరాలతో. మా ఆయన ఒకసారి ఎర్ర సీసా చూసి రోజ్ మిల్క్ సిరప్ అనుకుని గ్లాసుడు చల్లటి పాలల్లో కలిపేసుకున్నాడు, వెనిగర్‌కి పాలు విరిగిపోయాయి కాబట్టి బతికిపోయాం.